ఆన్‌లైన్ సమూహాల ప్రభావం: కాలక్రమంలో దాన్ని కొలిచే పద్ధతులు

ఒక ఆన్‌లైన్ సమూహంలో పుట్టిన మాట, బొమ్మ, వార్త లేదా అలవాటు ఇతర సమూహాల్లోకి ఎంతవరకు వెళ్ళింది? ఎంత వేగంగా వెళ్ళింది, ఎంతకాలం నిలిచింది, అక్కడ ఏం మార్చింది? ఈ ప్రశ్నలకు అంకెల్లో జవాబు వెతికే పరిశోధన రంగమే సమూహ ప్రభావ మాపనం. సమాజశాస్త్రం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, రాజనీతిశాస్త్రం నాలుగూ కలిసే చోట ఇది ఎదిగింది. దీని పునాదులు, పెద్ద ప్రయోగాలు, పెద్ద తగవులు చాలావరకు అమెరికా సంయుక్త రాష్ట్రాలవే. ఫేస్‌బుక్, ట్విట్టర్, రెడిట్ వేదికలు అక్కడే పుట్టాయి. ఓటర్లను, రైతులను, వైద్యులను నెలల తరబడి వెంబడించి అధ్యయనం చేసే సంప్రదాయం అక్కడి విశ్వవిద్యాలయాల్లో 1940ల నుంచే ఉంది.

ఈ రంగమంతా ఒక చిక్కు చుట్టూ తిరుగుతుంది. ఒక సంగతి సోమవారం ఒక సమూహంలో, మంగళవారం మరో సమూహంలో కనబడితే మొదటిది రెండోదాన్ని కదిలించిందని అనుకోవడం తేలిక. కానీ రెండు సమూహాలూ ఒకే టీవీ వార్త చూసి ఉండవచ్చు. లేదా రెంటిలోనూ ఒకే రకం మనుషులు ఉండి, వేర్వేరుగానే అదే దారిలో నడిచి ఉండవచ్చు. మొదటి సమూహం అసలు లేకపోయి ఉంటే ఏం జరిగేదో తేల్చి, దానికీ నిజంగా జరిగినదానికీ మధ్య ఉన్న తేడాను పట్టుకోగలిగితేనే ప్రభావాన్ని కొలిచినట్టు.

## నిర్వచనం, పరిధి

ఒకరి చర్య కారణంగా మరొకరు ఒక పని చేసే అవకాశం పెరగడం లేదా తగ్గడం ప్రభావం. ప్రాచుర్యం వేరు, ప్రభావం వేరు. అనుచరుల సంఖ్య, లైకులు, వీక్షణలు ప్రాచుర్యాన్ని చెబుతాయి. మీయంగ్ చా, హమేద్ హద్దాది, ఫాబ్రిసియో బెనెవెనూటో, కృష్ణ పి. గుమ్మడి 2010లో దాదాపు 5.4 కోట్ల ట్విట్టర్ ఖాతాలను, 170 కోట్ల ట్వీట్లను పరిశీలించారు. అనుచరులు ఎక్కువ ఉన్న ఖాతాలకు రీట్వీట్లు, ప్రస్తావనలు కూడా అదే స్థాయిలో ఉంటాయన్న నమ్మకం నిలబడలేదు.

కొలతకు ప్రమాణం వ్యక్తి కావచ్చు, సమూహం కావచ్చు, ఏకంగా ఒక వేదిక కావచ్చు. సమూహ ప్రభావం మూడు దిశల్లో ఉంటుంది. తన సభ్యుల మీద చూపేది మొదటిది. ఇతర సమూహాల మీద చూపేది రెండోది. పత్రికలు, మార్కెట్, చట్టసభల వంటి బయటి వ్యవస్థల మీద చూపేది మూడోది. మొదటిదాని మీద పరిశోధన చాలా జరిగింది. రెండోది, మూడోది 2010 తర్వాతే గట్టిగా ముందుకు వచ్చాయి.

ప్రభావం చూపే శక్తికి జంటగా, ప్రభావానికి లోనయ్యే గుణాన్ని కూడా విడిగా కొలుస్తారు. సినాన్ అరల్, డిలన్ వాకర్ 2012లో 13 లక్షల ఫేస్‌బుక్ వినియోగదారులతో చేసిన ప్రయోగంలో చిన్న వయసు వారు పెద్దవారికంటే ఎక్కువగా లోనవుతారని తేలింది.

## చరిత్ర

### వెబ్‌కు ముందు

అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ 259 మంది రైతులను అడిగి తెలుసుకుని 1943లో ప్రచురించారు. విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా కంపెనీ అమ్మకందార్లు. నమ్మి వేయించింది మాత్రం పక్క పొలం రైతు. సమాచారం ఒక దారిన, నిర్ణయం మరో దారిన వస్తాయన్న ఈ గమనింపు తర్వాతి పరిశోధనలన్నిటికీ పెట్టుబడి అయింది.

అదే కాలంలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940 అధ్యక్ష ఎన్నికల ముందు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మంది ఓటర్లను మే నుంచి నవంబరు వరకు మళ్ళీ మళ్ళీ కలిసింది. రేడియో, పత్రికలు ఓటరు మనసును నేరుగా మార్చేస్తాయన్న అంచనా తప్పని తేలింది. మాధ్యమాల మాట ముందు కొందరు స్థానిక అభిప్రాయ నాయకులకు, వారి ద్వారా మిగిలిన వారికి చేరుతోంది. దీనికి రెండంచెల ప్రసారం అని పేరు వచ్చింది. ఇలినాయ్ రాష్ట్రంలోని డెకేటర్ పట్టణంలో 800 మంది స్త్రీలతో 1945లో జరిపిన సర్వే ఆధారంగా ఎలిహు కాట్జ్, లాజర్స్‌ఫెల్డ్ 1955లో ఈ వాదాన్ని విస్తరించారు. ఒకే మనుషుల్ని పదేపదే కలిసే ఈ పద్ధతిని ప్యానెల్ అంటారు. కాలక్రమంలో ప్రభావాన్ని చూడాలంటే నేటికీ ఇదే ఆధారం.

మూడో మజిలీ వైద్యులది. జేమ్స్ కోల్‌మన్, ఎలిహు కాట్జ్, హెర్బర్ట్ మెంజెల్ ఇలినాయ్‌లోని పియోరియా, బ్లూమింగ్టన్, క్విన్సీ, గేల్స్‌బర్గ్ పట్టణాల్లో 125 మంది వైద్యులను ఎంచుకున్నారు. టెట్రాసైక్లిన్ మందును ఎవరు ఏ నెలలో తొలిసారి రాశారో మందుల దుకాణాల చీటీల నుంచి తీశారు. తోటి వైద్యులతో ఎక్కువ మెలిగేవారు ముందుగా రాశారని 1957లో ప్రకటించారు. ఈ ఫలితం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2001లో క్రిస్టోఫ్ వాన్ డెన్ బుల్ట్, గ్యారీ లిలియన్ అదే డేటాకు ఆనాటి మందుల కంపెనీల ప్రచార వివరాలు చేర్చి మళ్ళీ లెక్కించారు. ప్రచారాన్ని లెక్కలోకి తీసుకోగానే తోటి వైద్యుల ప్రభావం కనబడకుండా పోయింది. నలభై ఏళ్ళకు పైగా చెల్లిన ఒక రుజువు ఒక్క కారణాన్ని కలపగానే కరిగిపోవడం ఈ రంగంలో అందరూ గుర్తుంచుకోవలసిన ఘటన.

### వెబ్ యుగం

2001లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పెడ్రో డొమింగోస్, మాథ్యూ రిచర్డ్‌సన్ ఒక కొనుగోలుదారు విలువను అతడు కొనే సరుకుతో పాటు ఇతరులతో కొనిపించే శక్తితో కూడా కొలవాలన్నారు. 2003లో డేవిడ్ కెంప్, జాన్ క్లైన్‌బర్గ్, ఎవా టార్డోష్ దీన్ని కచ్చితమైన గణిత సమస్యగా మలిచారు (‘పరంపరల నమూనాలు’ చూడండి). 2005లో లాడా అడామిక్, నటాలీ గ్లాన్స్ 2004 అధ్యక్ష ఎన్నికల నాటి రాజకీయ బ్లాగుల లంకెలను గీసి చూపారు. ఉదారవాదులు ఒక గుంపు, సంప్రదాయవాదులు మరో గుంపు. మధ్య దారాలు సన్నగా ఉన్నాయి. ఈ చిత్రం ఎంతగానో ప్రచారమైంది.

2006లో లార్స్ బ్యాక్‌స్ట్రామ్ బృందం లైవ్‌జర్నల్ అనే బ్లాగు వేదికలోని సమూహాల్లో మనుషులు ఎలా చేరుతున్నారో చూసింది. లోపల ఎంతమంది మిత్రులున్నారన్నదే కాక, ఆ మిత్రులు ఒకరికొకరు తెలిసినవారా అన్నది కూడా చేరికను నిర్ణయిస్తోంది. మూడేళ్ళ తర్వాత యూరె లెస్కోవెక్, బ్యాక్‌స్ట్రామ్, క్లైన్‌బర్గ్ 2008 ఎన్నికల కాలంలోని 9 కోట్ల వ్యాసాలు, బ్లాగు రచనల్లో మాటల ప్రయాణాన్ని మూడు నెలలపాటు వెంబడించారు. ఒక పలుకు వార్తా సంస్థల్లో శిఖరానికి చేరిన రెండున్నర గంటలకు బ్లాగుల్లో శిఖరానికి చేరుతోందని లెక్క తేలింది.

## సమూహాన్ని గుర్తించడం

కొలవాలంటే ముందు సమూహం హద్దు తెలియాలి. కొన్ని సమూహాలు తమ పేరు తామే చెప్పుకుంటాయి. రెడిట్‌లోని సబ్‌రెడిట్‌లు, ఫేస్‌బుక్ గ్రూపులు ఈ కోవలోవి. ట్విట్టర్‌లో చాలావరకు అలాంటి గోడలు లేనందున ఎవరు ఎవరిని ప్రస్తావిస్తున్నారో, ఎవరి మాట ఎవరు పంచుతున్నారో చూసి సమూహాలను వెలికితీయాలి.

దీనికి తొలి పరీక్షావస్తువు వేన్ జాకరీ 1977లో వివరించిన ఒక కరాటే క్లబ్. తగవు వచ్చి రెండుగా చీలిన 34 మంది సభ్యుల స్నేహాల పటం అది. మిషెల్ గిర్వన్, మార్క్ న్యూమన్ 2002లో ప్రతిపాదించిన పద్ధతి, 2008లో బెల్జియం పరిశోధకులు తెచ్చిన లూవాన్ పద్ధతి ఇలాంటి పటాల్లో లోపల చిక్కగా, బయటికి పలచగా ఉండే ముక్కలను వెతుకుతాయి. ఒకే డేటాకు వేర్వేరు పద్ధతులు వేర్వేరు హద్దులు గీస్తాయి. కాబట్టి తర్వాత వచ్చే ప్రభావపు అంకె ఏదైనా ఈ గీత మీద ఆధారపడినదే.

కాలం తోడైతే చిక్కు పెరుగుతుంది. సమూహాలు పుడతాయి, కలుస్తాయి, చీలుతాయి, పోతాయి. గెర్గెలీ పల్లా, ఆల్బర్ట్-లాస్లో బరాబాసి, తమాష్ విచెక్ 2007లో చూపినట్టు, పెద్ద సమూహాలు సభ్యులు మారుతూ ఉంటే ఎక్కువకాలం బతుకుతాయి, చిన్నవి మారకపోతే బతుకుతాయి. జనవరిలో ఉన్న సమూహం, డిసెంబరులో అదే పేరుతో ఉన్న సమూహం ఒకటేనా? ఐజక్ వాలర్, ఆష్టన్ ఆండర్సన్ 2021లో 14 ఏళ్ళ రెడిట్ చరిత్రను, 510 కోట్ల వ్యాఖ్యలను పరిశీలించి దీనికి గట్టి ఉదాహరణ ఇచ్చారు. 2016లో అక్కడ రాజకీయ విభజన ఒక్కసారిగా పెరిగింది. అయితే పాతవారి మనసులు మారడం కంటే కొత్తవారి రాక అందుకు ఎక్కువ కారణమైంది. సమూహం సగటు మారితే సభ్యులు మారిపోయారని అర్థం కాదని ఇక్కడ స్పష్టమవుతుంది.

## కొలత పద్ధతులు

### నిర్మాణ సూచికలు

నెట్‌వర్క్ ఆకారాన్ని బట్టి ఎవరు ఎంత కీలకమో చెప్పేవి కేంద్రీయతా సూచికలు. 1953లో లియో కాట్జ్, 1970లలో ఫిలిప్ బొనాసిచ్, లింటన్ ఫ్రీమన్ వీటిని రూపొందించారు. స్టాన్‌ఫర్డ్‌లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో ప్రచురించిన పేజ్‌ర్యాంక్ కూడా ఈ కుటుంబానిదే. లెక్కించడం సులువు. కానీ ఇవి అవకాశాన్ని చూపుతాయే తప్ప జరిగినదాన్ని చూపవు.

### పరంపరల నమూనాలు

ఒకరి నుంచి మరొకరికి షేర్ అవుతూ సాగే వరుసను పరంపర అంటారు. మార్క్ గ్రనోవెటర్ 1978లో ఇచ్చిన హద్దు నమూనా ప్రకారం, తన చుట్టూ ఇంతమంది చేశాక తానూ చేస్తానన్న గీత ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది. కెంప్, క్లైన్‌బర్గ్, టార్డోష్ ఇదే ఆలోచన తీసుకుని, ఏ కొద్దిమందితో మొదలుపెడితే పరంపర అత్యధికంగా సాగుతుందని అడిగారు. కచ్చితమైన జవాబు కనుక్కోవడం గణనపరంగా దుస్సాధ్యమని, అయితే ఒక్కొక్కరినే ఎంచుకుంటూ పోయే సరళమైన విధానం ఉత్తమ ఫలితంలో కనీసం 63 శాతానికి చేరుతుందని నిరూపించారు.

పరంపర ఆకారాన్ని కూడా కొలుస్తారు. ఒకే పెద్ద ఖాతా నుంచి లక్షమందికి చేరినది, చేతులు మారుతూ లక్షమందికి చేరినది మొత్తంలో సమానమే కాని స్వభావంలో సమానం కావు. ఈ తేడాకు షరద్ గోయల్ బృందం నిర్మాణపరమైన వైరాలిటీ అనే కొలతను ఇచ్చింది. సొరోష్ వొసూఘీ, డెబ్ రాయ్, సినాన్ అరల్ 2018లో ఇలాంటి కొలతలతోనే 2006–2017 మధ్య ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1.26 లక్షల వదంతి పరంపరలను పోల్చారు. 1500 మందికి చేరడానికి నిజానికి అబద్ధంకంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది.

### కాలశ్రేణులు

రెండు సమూహాల్లో ఒక విషయం మీద రోజువారీ చర్చ ఎంత జరిగిందో రెండు వరుసలుగా రాసుకుని, మొదటిదాని గతం తెలిస్తే రెండోదాని రేపటిని మరింత బాగా ఊహించగలమా అని పరీక్షిస్తారు. క్లైవ్ గ్రాంజర్ 1969లో ఆర్థికశాస్త్రం కోసం రూపొందించిన పరీక్ష ఇది. దీన్నే సరళరేఖ కాని సంబంధాలకూ విస్తరించిన ట్రాన్స్‌ఫర్ ఎంట్రోపీ అనే కొలతను థామస్ ష్రైబర్ 2000లో ప్రతిపాదించాడు. రెండూ ముందు–వెనుకల క్రమాన్ని పట్టుకుంటాయి. మూడో కారణం దాగి ఉంటే మోసపోతాయి.

కాలపు గడి ఎంత పెద్దదన్నది పరిశోధకుడి చేతిలో ఉంటుంది. నిమిషాల్లో కొలిస్తే ట్విట్టర్ అలలు కనబడతాయి. నెలల్లో కొలిస్తే ఆ అలలు కనబడవు, అలవాట్లు కనబడతాయి.

### హాక్స్ ప్రక్రియ

సమూహం నుంచి సమూహానికి సాగే ప్రభావాన్ని కొలవడంలో అత్యంత ఫలవంతమైన సాధనం ఇదే. బ్రిటిష్ గణాంకవేత్త ఆలన్ హాక్స్ 1971లో దీన్ని ప్రతిపాదించాడు. ఒక భూకంపం తర్వాత వచ్చే ప్రకంపనల అధ్యయనంలో ఇది బాగా స్థిరపడింది. దీని ప్రకారం ఏ సంఘటనకైనా రెండు మూలాలు ఉండవచ్చు: దానంతట అది జరిగే నేపథ్య వేగం, అంతకుముందు జరిగిన సంఘటనలు ఇచ్చిన ఉసి. ఆ ఉసి మొదట బలంగా ఉండి కాలంతో సన్నగిల్లుతుంది.

ఐదు సమూహాలుంటే ఒక్కో సమూహానికి ఒక నేపథ్య వేగం, ఒక్కో జంటకు ఒక్కో దిశలో ఒక బరువు లెక్కకు వస్తాయి. సమూహం తన మీద తాను చూపే ప్రభావంతో కలిపి 25 బరువులు. వాటి నుంచి ప్రతి పోస్టుకూ అది ఎక్కడి నుంచి వచ్చి ఉండవచ్చో సంభావ్యతలు తీస్తారు. అప్పుడు రెండు వేర్వేరు ప్రశ్నలు అడగవచ్చు. రెండో సమూహంలోని పోస్టుల్లో ఎన్ని శాతం మొదటిదాని వల్ల వచ్చాయి? మొదటి సమూహంలోని ఒక్కో పోస్టు సగటున బయట ఎన్నిటికి కారణమైంది? మొదటిది మొత్తం ప్రభావం, రెండోది సామర్థ్యం. ఉదాహరణకు, ఒక సమూహం వెయ్యి పోస్టులతో బయట 50 పోస్టులకు, మరోటి వంద పోస్టులతో 20 పోస్టులకు కారణమైందనుకుందాం. మొత్తంలో మొదటిది, సామర్థ్యంలో రెండోది ముందుంటాయి. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే పాఠకులు తప్పుదారి పడతారు.

లెక్కలో చేర్చని సమూహం ఏదైనా, టీవీ అయినా సరే, ఈ నమూనా కంటికి కనబడదు. దాని పని నేపథ్యంలోనో, మరో సమూహం ఖాతాలోనో పడుతుంది.

### ప్రయోగాలు

చీటీలు వేసినట్టు మనుషుల్ని యాదృచ్ఛికంగా విభజించి, కొందరికే ప్రభావాన్ని చూపి మిగిలినవారితో పోల్చడం అత్యంత నమ్మదగిన మార్గం. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ఒక సంగీత సైట్‌కు వచ్చిన 14,341 మందిని వేర్వేరు ‘లోకాల్లోకి’ పంపి 48 పాటలు వినిపించారు. కొన్ని లోకాల్లో ఇతరులు ఎన్నిసార్లు దించుకున్నారో కనబడుతుంది, ఒకదానిలో కనబడదు. కనబడిన చోట హిట్లు, ఫట్లు మధ్య దూరం పెరిగింది. ఏ పాట హిట్ అవుతుందన్నది లోకాన్ని బట్టి మారింది.

డేమన్ సెంటోలా 2010లో 1,528 మందితో ఆన్‌లైన్ ఆరోగ్య సమూహాలను తానే నిర్మించాడు. మిత్రుల మిత్రులు కూడా మిత్రులుగా ఉన్న చిక్కని సమూహాల్లో కొత్త అలవాటు సగటున 54 శాతానికి, దూరపు లంకెల సమూహాల్లో 38 శాతానికి చేరింది. వార్తకు దూరపు లంకె మంచిదే. అలవాటు మారడానికి మాత్రం ఒకే మాట పలువురి నోట వినాలి.

## సమూహం నుంచి సమూహానికి: ముఖ్య అధ్యయనాలు

సవ్వాస్ జానెటూ, జెరెమీ బ్లాక్‌బర్న్, జాన్‌లూకా స్ట్రింగీని, ఎమిలియానో డి క్రిస్టొఫారో తదితరులు 2017లో ట్విట్టర్, రెడిట్, 4చాన్ వేదికల మధ్య వార్తా లంకెల రాకపోకలను హాక్స్ ప్రక్రియతో కొలిచారు. 2018లో అదే పద్ధతిని మీమ్‌లకు వర్తింపజేశారు. 13 నెలల కాలంలో 260 కోట్ల పోస్టుల నుంచి 16 కోట్ల బొమ్మలు తీసి, ప్రతి బొమ్మకూ దృశ్య సంకేతం తయారుచేసి, దగ్గరగా ఉన్నవాటిని గుంపులుగా చేర్చారు. 4చాన్‌లోని ‘పోల్’ విభాగం మొత్తం పరిమాణంలో ఎక్కువ ప్రభావం చూపింది. కానీ ఒక్కో మీమ్‌ను బయటికి పంపే సామర్థ్యంలో ట్రంప్ అభిమానుల సబ్‌రెడిట్ ‘ది డొనాల్డ్’ ముందుంది. జనాభాలో చిన్నవైన అంచు సమూహాలు ప్రధాన వేదికల బొమ్మల భాషను దిద్దగలవన్నది ఈ అధ్యయనం చేర్చిన జ్ఞానం.

సమూహాల మధ్య దాడులూ ప్రభావమే. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన శ్రీజన్ కుమార్ బృందం 2018లో 36,000 రెడిట్ సమూహాల మధ్య 40 నెలల ఘర్షణలను పరిశీలించింది. 74 శాతం ఘర్షణలను మొదలుపెట్టింది ఒక శాతం కంటే తక్కువ సమూహాలు.

సమూహాన్ని తొలగిస్తే ఏమవుతుందన్నది ‘అది లేకపోతే’ అన్న ప్రశ్నకు దాదాపు నేరుగా జవాబు. 2015లో రెడిట్ వేధింపులు, జాతిద్వేషం కారణంగా కొన్ని సబ్‌రెడిట్‌లను మూసింది. ఈశ్వర్ చంద్రశేఖరన్ బృందం 2017లో 10 కోట్లకు పైగా పోస్టులతో దాని ఫలితాన్ని కొలిచింది. చాలామంది వేదిక వదిలి వెళ్ళారు. మిగిలినవారి ద్వేష పదజాలం కనీసం 80 శాతం తగ్గింది. వెళ్ళినవారి సంగతి? 2020 జూన్‌లో మూసివేసిన ‘ది డొనాల్డ్’ సభ్యులు సొంత సైట్‌కు తరలాక అక్కడి కార్యకలాపం తగ్గిందని, భాషలో తీవ్రత మాత్రం పెరిగిందని మనోయెల్ ఓర్టా రిబేరో బృందం 2021లో చూపింది. ఒక్క వేదికలోనే కొలిచి ఆపితే సగం కథే తెలుస్తుంది.

## సమూహం నుంచి బయటి ప్రపంచానికి

2014 ఆగస్టులో మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల్లో మైకెల్ బ్రౌన్ మరణించాక, నల్లజాతి ప్రాణాల విలువను గుర్తుచేసే ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ ఉద్యమం ట్విట్టర్‌లో పెద్దయెత్తున సాగింది. డీన్ ఫ్రీలన్, చార్ల్‌టన్ మెకిల్‌వెయిన్, మెరిడిత్ క్లార్క్ 4.08 కోట్ల ట్వీట్లను కాలఖండాలుగా విడదీసి, ఒక్కో ఖండంలో ఏర్పడ్డ సమూహాలను గుర్తించి, అవి ఖండం నుంచి ఖండానికి ఎలా కొనసాగాయో చూశారు. 2018 నాటి కొనసాగింపు అధ్యయనంలో ఐక్యత, సంఖ్య, నిబద్ధత అనే మూడు కొలతలతో దాదాపు పది నెలలు ఎవరి మాట ఎవరిని కదిలించిందో లెక్కించారు. ఉద్యమ సమూహం ప్రధాన పత్రికల వార్తలను ముందుగా సూచించింది. ఆ వార్తలు రాజకీయ ప్రముఖుల స్పందనకు అతిపెద్ద చోదకమయ్యాయి. అన్ని పక్షాల్లోనూ ప్రముఖుల స్పందనను బాగా సూచించినది మనుషుల సంఖ్య కాదు. మళ్ళీ మళ్ళీ వచ్చి మాట్లాడే నిబద్ధత. లాజర్స్‌ఫెల్డ్ రెండంచెల ప్రసారం ఇక్కడ తలకిందులైంది: జనం నుంచి పత్రికలకు, పత్రికల నుంచి నాయకులకు.

చట్టసభలకు సంబంధించి పాబ్లో బార్బెరా తదితరులు 2019లో అమెరికా చట్టసభ అయిన 113వ కాంగ్రెస్ సభ్యుల ట్వీట్లను ప్రజల ట్వీట్లతో పోల్చారు. సభ్యులు చర్చను నడిపించడం కంటే అనుసరించడమే ఎక్కువ. అందులోనూ తమ పార్టీ మద్దతుదారుల మాటకే ఎక్కువ స్పందిస్తారు. ఎదురు దిశలో, ప్రజల చర్చ మీద పత్రికల ప్రభావాన్ని గ్యారీ కింగ్, బెంజమిన్ ష్నీర్, ఏరియల్ వైట్ 2017లో ప్రయోగంతో కొలిచారు. 48 చిన్న వార్తా సంస్థలు యాదృచ్ఛికంగా ఎంచిన వారాల్లో ఒకే విషయం మీద రాయడానికి ఒప్పుకున్నాయి. తొలిరోజునే ఆ విషయం మీద సామాజిక మాధ్యమాల చర్చ దాదాపు ఐదో వంతు పెరిగింది.

ఓటింగ్ మీద అతిపెద్ద ప్రయోగాల్లో ఒకటి 2010 నవంబరు 2న జరిగింది. ఫేస్‌బుక్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాన్ డియేగో) కలిసి 6.1 కోట్ల మందిని విభజించాయి. 98 శాతం మందికి ఓటేశామని చెప్పిన మిత్రుల ఫొటోలతో సందేశం, ఒక శాతానికి ఫొటోలు లేని సందేశం, మరో శాతానికి ఏమీ చూపలేదు. తర్వాత ప్రభుత్వ ఓటరు రికార్డులతో సరిపోల్చారు. సందేశం నేరుగా దాదాపు 60,000 ఓట్లను, మిత్రుల ద్వారా మరో 2.8 లక్షల ఓట్లను పెంచిందని అంచనా. మిత్రుల ద్వారా వచ్చిన ప్రభావమంతా దాదాపుగా దగ్గరి మిత్రుల మధ్యే నడిచింది.

మార్కెట్‌కు ఉదాహరణ గేమ్‌స్టాప్. రెడిట్‌లోని ‘వాల్‌స్ట్రీట్‌బెట్స్’ సమూహం కొనుగోళ్ళ ఉత్సాహం మధ్య ఈ టెక్సస్ కంపెనీ షేరు 2021 జనవరి 27న 347.51 డాలర్ల వద్ద ముగిసింది. నెల మొదట్లో అది 20 డాలర్ల లోపే. అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ సిబ్బంది అదే ఏడాది అక్టోబరు నివేదికలో, ధర పడుతుందని పందెం కాసిన షార్ట్ అమ్మకందార్ల తిరుగు కొనుగోళ్ళు ఒక భాగమేనని, వారాల తరబడి ధరను నిలబెట్టింది షేరు మీది సానుకూల అభిప్రాయమని అభిప్రాయపడ్డారు. చర్చ ధరను లేపిందా, లేచిన ధర కొత్త సభ్యులను లాగిందా అన్నది ఇలాంటి సందర్భంలో విడదీయడం కష్టం. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

## చిక్కులు, వివాదాలు

ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుందని తెలుగు సామెత. గూడు పలుకు నేర్పిందా, ఒకే పలుకున్న చిలకలే ఆ గూటికి చేరాయా అన్నది ఈ రంగంలో తెగని తగవు. తమలాంటివారితోనే చేరే ఈ ధోరణిని హోమోఫిలీ అంటారు. 2009లో సినాన్ అరల్, లెవ్ ముచ్నిక్, అరుణ్ సుందరరాజన్ 2.74 కోట్ల యాహూ వినియోగదారుల్లో ఒక మొబైల్ సేవ వ్యాప్తిని పరీక్షించారు. అంటువ్యాధిలా కనబడినదానిలో సగానికి పైగా హోమోఫిలీయే. అంతకు ముందరి పద్ధతులు ప్రభావాన్ని 300 నుంచి 700 శాతం ఎక్కువ చేసి చూపుతున్నాయి.

వెబ్‌కు బయట కూడా ఇదే వివాదం. నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ 2007లో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ హృద్రోగ అధ్యయనంలోని 12,067 మంది 32 ఏళ్ళ వివరాలతో, మిత్రుడు ఊబకాయుడైతే తానూ అయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందన్నారు. మరుసటి ఏడాది ఈథన్ కోయెన్-కోల్, జేసన్ ఫ్లెచర్ అదే తరహా లెక్కతో మొటిమలు, తలనొప్పి, చివరికి ఎత్తు కూడా మిత్రుల ద్వారా ‘అంటుకుంటున్నట్టు’ చూపించారు. ఎత్తు అంటుకోదు గనుక లోపం పద్ధతిలో ఉండాలి. 2011లో కాస్మా షాలిజీ, ఆండ్రూ థామస్ ఒక అడుగు ముందుకు వేసి, కేవలం పరిశీలన డేటాతో హోమోఫిలీని, ప్రభావాన్ని విడదీయడం సాధారణంగా సాధ్యం కాదని వాదించారు.

ఎంతమందికి చేరిందన్నదాన్నే ప్రభావంగా లెక్కించడం మరో లోపం. 2016 ఎన్నికల్లో రష్యా ఖాతాల ట్వీట్ల గురించి గ్రెగరీ ఈడీ తదితరులు 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ ట్వీట్లు కనబడిన సందర్భాల్లో 70 శాతం ఒక్క శాతం మందికే. ట్వీట్లు చూడటానికీ, అభిప్రాయాలు మారడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు.

నీతి ప్రశ్నలు 2014లో రచ్చకెక్కాయి. ఫేస్‌బుక్ 2012 జనవరిలో 6,89,003 మంది ఫీడ్‌లలో సంతోష, విచార పోస్టుల పాళ్ళను మార్చి, భావాలు అంటుకుంటాయేమో చూసింది. ఎవరినీ ప్రత్యేకంగా అనుమతి అడగలేదు. కనబడిన మార్పు చాలా చిన్నది, రేగిన ఆగ్రహం చాలా పెద్దది. అధ్యయనాన్ని ప్రచురించిన పత్రిక ప్రధాన సంపాదకుడు తమ ఆందోళనను ముద్రించవలసి వచ్చింది. మనుషుల్ని అడగకుండా వారి మనసు మీద చేసే ప్రయోగం, ఫలితం ఎంత చిన్నదైనా, సమ్మతి ప్రశ్న నుంచి తప్పించుకోలేదు.

భాష కూడా ఒక అడ్డంకి. ఇంగ్లిష్ కోసం తయారైన సాధనాలు అమెరికాలోని తెలుగువారి వంటి ప్రవాస సమూహాలను సరిగా చూడలేవు. తెలుగును రోమన్ లిపిలో, ఇంగ్లిష్ కలిపి, ఒకే మాటను పలు రకాల స్పెల్లింగులతో రాస్తారు. దాంతో మాటల సరిపోలిక మీద నడిచే లెక్కలు తెగిపోతాయి. బొమ్మల సంకేతాలతో నడిచే పద్ధతికి ఈ ఇబ్బంది తక్కువ. ఇక వాట్సాప్ గ్రూపుల్లో సందేశాలు బయటివారికి కనబడవు గనుక అక్కడి ప్రభావం బహిరంగ వేదికల లెక్కల్లోకి రాదు.

## వినియోగం

ప్రజారోగ్య ప్రచారాలు, ఓటరు చైతన్య కార్యక్రమాలు, వేదికల నియమావళి, ప్రకటనల వ్యాపారం ఈ కొలతలను వాడుకుంటాయి. వ్యాపారంలో పేరుపడ్డ ప్రయత్నం క్లౌట్. 2008లో మొదలైన ఈ శాన్ ఫ్రాన్సిస్కో సంస్థ ప్రతి మనిషికీ 1 నుంచి 100 వరకు ఒక ప్రభావాంకం ఇచ్చేది. 2014లో లిథియం కంపెనీ దాన్ని కొన్నది. 2018 మే 25న మూతపడింది. ఎవరి ప్రభావమైనా విషయాన్ని బట్టి, వినేవారిని బట్టి, సమయాన్ని బట్టి మారుతుంది గనుక ఒకే అంకెలో ఇమడదని పరిశోధకులు మొదటి నుంచే అభ్యంతరం చెప్పారు. ఐటాన్ బక్షీ, జేక్ హాఫ్‌మన్, వింటర్ మేసన్, డంకన్ వాట్స్ 2011లో 16 లక్షల ట్విట్టర్ వినియోగదారులతో చూపినట్టు, ఏ ఒక్కరు పెద్ద పరంపరను మొదలుపెడతారో ముందుగా చెప్పడం దాదాపు అసాధ్యం. అందువల్ల కొద్దిమంది ప్రముఖుల మీద ఖర్చుపెట్టడం కంటే చాలామంది మామూలు వినియోగదారులను చేరడం కొన్ని పరిస్థితుల్లో లాభదాయకం.

## డేటా లభ్యత, ప్రస్తుత స్థితి

పై అధ్యయనాల్లో చాలావాటికి వేదికలు ఇచ్చిన డేటాయే ప్రాణం. ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ట్విట్టర్ 2023 ఫిబ్రవరిలో ఉచిత డేటా సౌకర్యం నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది రెడిట్ డేటాకు ధర పెట్టింది. పరిశోధకులు ఏళ్ళుగా ఆధారపడిన పుష్‌షిఫ్ట్ భాండాగారం రెడిట్ మోడరేటర్లకు మాత్రమే పరిమితమైంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ బహిరంగ పోస్టులను చూపే క్రౌడ్‌టాంగిల్ సాధనాన్ని వాటి మాతృసంస్థ మెటా 2024 ఆగస్టు 14న మూసివేసింది. పరిశోధకులకు డేటా ఇవ్వాలని వేదికలను నిర్బంధించే బిల్లు 2021లో అమెరికా సెనేటర్లు ప్రతిపాదించినా చట్టం కాలేదు. యూరోపియన్ యూనియన్ తన డిజిటల్ సేవల చట్టంలో అర్హులైన పరిశోధకులకు ఆ హక్కు కల్పించింది.

వేదికతో కలిసి పనిచేసే మార్గం కూడా సాఫీగా లేదు. 2020 ఎన్నికల కాలంలో మెటా సహకారంతో విశ్వవిద్యాలయాల పరిశోధకులు చేసిన ప్రయోగాల తొలి నాలుగు పత్రాలు 2023 జూలైలో ‘సైన్స్’, ‘నేచర్’ పత్రికల్లో వచ్చాయి. ఫీడ్‌ను కాలక్రమంలో చూపినా, షేర్ చేసిన పోస్టులను తొలగించినా మూడు నెలల్లో వినియోగదారుల రాజకీయ వైఖరిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఆ ప్రయోగ కాలంలోనే మెటా అత్యవసర చర్యగా తన అల్గారిథమ్‌ను మార్చిందని, పోలికకు పెట్టిన మామూలు ఫీడ్ మామూలుగా లేదని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఛందక్ బాగ్చీ తదితరులు 2024లో ‘సైన్స్’లో ఎత్తిచూపారు. మూడు నెలల ప్రయోగం ఏళ్ళ తరబడి పేరుకున్న ప్రభావాన్ని పట్టుకోగలదా అన్న చర్చ పరిశోధకుల మధ్య కొనసాగుతోంది.